సరస్సు మధ్య గీత

బోటు కొన్నవాడు దాన్ని నలుగురికీ చూపించుకోకుండా ఉండలేడు. మా ఆయనకి ఇంజనీరింగ్‌లో సీనియర్ ఒకాయన ఉన్నాడు, మేం అన్నయ్య అని పిలుస్తాం. వేసవి మొదలైనప్పటినుంచీ ఫోన్ మీద ఫోన్. "బోట్‌లో లేక్ మీద అలా వెళ్ళి, అవతలి ఒడ్డున హార్బర్ టౌన్‌లో లంచ్ చేసి, సాయంత్రానికి వచ్చేద్దాం" అని. మేం ప్లేనో నుంచి మిషిగన్‌కి మారి ఏడాది కూడా కాలేదు. ఇక్కడ మాకు సొంతవాళ్ళంటూ ఉన్నది ఆ అన్నయ్యా వదినే. చెప్పడానికి నా దగ్గర సాకులు అయిపోయాయి.

"అవతలి ఒడ్డంటే కెనడా కాదు కదా అన్నయ్యా?" అని అడిగాను.

"ఒహాయో తల్లీ, ఒహాయో!" అని పెద్దగా నవ్వాడు.

ఊరికే అడగలేదు. ఆ సరస్సు మధ్యలోంచే కెనడా సరిహద్దు గీత వెళ్తుంది. మా పాస్‌పోర్టుల్లో వీసా స్టాంపుల గడువు ఎప్పుడో అయిపోయింది. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది కాబట్టి దేశం లోపల ఉన్నంతకాలం మా ఆయన ఉద్యోగానికీ, మేం ఉండడానికీ ఇబ్బంది లేదు. బయటికి అడుగుపెడితే మాత్రం మళ్ళీ లోపలికి రావడానికి ఇండియా వెళ్ళి స్టాంపింగ్ చేయించుకోవాలి. ఆ అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. కెనడాకైతే వెళ్ళి తొందరగా వచ్చేయొచ్చన్న రూల్ ఏదో ఉందని వాట్సాప్ గ్రూపుల్లో పెద్దమనుషులు చెబుతుంటారు. అలా వెళ్ళొచ్చినవాడు మాత్రం ఆ గ్రూపులో ఒక్కడూ లేడు.

అన్నయ్యకి ఈ గొడవలేవీ లేవు. సిటిజన్‌షిప్ వచ్చి చాలా ఏళ్ళయింది. తగ్గిపోయిన పంటినొప్పిలా ఆయన వీసా రోజుల్ని పూర్తిగా మర్చిపోయాడు. తెల్ల టోపీ ఒకటి పెట్టుకుని, స్టీరింగ్ ముందు నిలబడి, సినిమాలో హీరోలా ఫోజు కొట్టాడు. వదిన పులిహోర ట్రే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను లైఫ్ జాకెట్ బకిళ్ళు బిగించుకుంటూ, మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకుంటూ ఉన్నాను. మా అమ్మాయికి ఏడేళ్ళు. దానికి భయమంటే ఏమిటో తెలియదు, నోరు మూయడం అంతకన్నా తెలియదు. దారిన పోయే వాళ్ళందరికీ మా ఇంట్లో ఏం వండామో, వాళ్ళ నాన్న ఎందుకు గురక పెడతాడో చెప్పేస్తుంది. అందరూ ముద్దు చేసేవాళ్ళే.

చాలాసేపు బాగానే సాగింది. తర్వాత చేపలు పట్టే బోట్లు గుంపుగా అడ్డం వచ్చాయి. వాటిని తప్పించడానికి అన్నయ్య ఎడమచేతివైపు బాగా దూరం తిప్పాడు. ఎటు చూసినా ఒడ్డు కనిపించడం లేదు. నా ఫోన్ అమ్మాయి చేతిలో ఉంది, సీగల్స్‌ని ఫోటోలు తీస్తోంది.

"అమ్మా! ఫోన్ 'వెల్‌కమ్ టు కెనడా' అంటోంది!"

ఫోన్ లాక్కుని చూశాను. రోమింగ్ ఛార్జీల మెసేజ్. మా ఆయన నా భుజం మీదుగా వంగి చూశాడు.

"అన్నా, మనం దాటేశామా?"

"టవర్ సిగ్నల్‌రా బాబూ! నీళ్ళ మీద అంత దూరం నుంచి కూడా వస్తుంది. టెన్షన్ పడకు, పులిహోర తిను."

"స్క్రీన్‌లో ఒకసారి చూడండి అన్నయ్యా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయన చూడలేదు. చెయ్యి ఊపి ఇంజన్ స్పీడు పెంచాడు. ఒక మనిషి భయాన్ని అలా ఈగని తోలినట్టు తోలేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ బోటు ఆయనది, పిలుపు ఆయనది. పళ్ళు బిగించి కూర్చున్నాను.

రేవు పట్టణం కనిపించగానే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. తెల్లటి లైట్‌హౌస్, వరసగా కట్టేసిన బోట్లు, స్తంభాలకి వేలాడే పూలకుండీలు, ఎక్కడ చూసినా అమెరికా జెండాలు. ఆ జెండాల్ని చూసి అంత సంతోషించడం అదే మొదటిసారి. రేవు ఆఫీసు నుంచి ఒక పెద్దావిడ వచ్చి మా తాడు అందుకుంది. ఎక్కడినుంచి వస్తున్నారు అని నవ్వుతూ అడిగింది.

"కెనడా నుంచి!" అన్నాడు అన్నయ్య ఇంగ్లీషులో. "ఎవరికీ చెప్పకండి!"

ఆవిడ నవ్వింది. ఆవిడ వెనక కాఫీ కప్పుతో నిలబడ్డ, సరిహద్దు పోలీసు యూనిఫాంలో ఉన్న మనిషి నవ్వలేదు. కప్పు రెయిలింగ్ మీద పెట్టి మా దగ్గరికి నడిచి వచ్చాడు.

ఐడీలు అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అన్నయ్య, వదిన డ్రైవింగ్ లైసెన్సులు తీసి ఇచ్చారు. మా ఆయన కూడా ఇచ్చాడు. నువ్వు సిటిజన్‌వా అని మా ఆయన్నే అడిగాడు. కాదని చెప్పి, మా ఆయన ఫోన్‌లో పాస్‌పోర్టు ఫోటోలు వెతకడం మొదలుపెట్టాడు. కంగారులో ఒకటి బదులు ఇంకోటి తెరుస్తున్నాడు. ఒరిజినల్స్ ఇంట్లో బీరువాలో భద్రంగా ఉన్నాయి. తడిసిపోతాయని నేనే లోపల పెట్టమన్నాను.

"ఇవాళ కెనడా వెళ్ళారా?" అని అడిగాడు ఆ ఆఫీసర్.

"లేదు సర్" అన్నాడు మా ఆయన.

"వెళ్ళాం నాన్నా!" అంది మా అమ్మాయి. ఆయనవైపు తిరిగి ఇంగ్లీషులో కూడా చెప్పింది. "అమ్మ ఫోన్ వెల్‌కమ్ చెప్పింది. అమ్మకి భయం వేసింది."

మా అద్దె ఇల్లు, మా ఆయన ఉద్యోగం, దీని స్కూలు, అన్నీ ఆ చెక్కల రేవు మీద నిలబడ్డట్టు అనిపించింది. దాని భుజం పట్టుకున్నాను. పట్టుకోవడం కాదు, నొక్కాను. అది "ఆ..." అని నావైపు చూసింది, నోరు మూసుకుంది.

ఆఫీసర్ దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అక్కడ ఏం చూశావని అడిగాడు. అది మాట్లాడలేదు. మళ్ళీ అడిగాడు. నా మొహంలోకి చూసి, చూసి, "వాటర్" అంది.

ఆయన లేచి బోటులోకి దిగాడు. స్టీరింగ్ పక్కన ఉన్న స్క్రీన్‌లో మేం వచ్చిన దారి గీతలా పడి ఉంటుందట, అది చూపించమన్నాడు. అన్నయ్య నవ్వు ఇప్పటికి ఆగింది. బటన్లు నొక్కాడు. ఒడ్డున నిలబడి నేను ఇద్దరి వీపులు మాత్రమే చూశాను. మా ఆయన నా పక్కనే ఉన్నాడు. చెయ్యి పట్టుకోవాలనిపించింది, కానీ భయపడుతున్నట్టు కనిపిస్తామని పట్టుకోలేదు.

చివరికి ఆఫీసర్ పైకి వచ్చాడు. సరిహద్దుకి బాగా దగ్గరగా వెళ్ళారు కానీ దాటలేదు అన్నాడు. లైసెన్సులు తిరిగి ఇచ్చాడు. ఇలాంటి జోకులు వేయొద్దని అన్నయ్యకీ, అసలు కాగితాలు వెంట ఉంచుకోమని మా ఆయనకీ చెప్పి, కాఫీ కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

"చూశారా, ఏం కాలేదు!" అన్నాడు అన్నయ్య. "అనవసరంగా టెన్షన్ పడ్డారు."

"మీకు ఏం కాదు అన్నయ్యా. మీరు కెనడా వెళ్ళొచ్చినా ఏం కాదు. అక్కడ నిలబడింది మేం. ఇంకోసారి మా బతుకుల మీద జోకులు వేయకండి" అన్నాను. మా ఆయన కళ్ళతో వారించాడు. నేను వినలేదు. వదిన వచ్చి, "ఆయన నోరు అంతే, మనసులో పెట్టుకోకు" అంది. పెట్టుకున్నాను. ఈ రోజుకీ నాకు ఆ కోపం తగ్గలేదు.

లంచ్ ఎవరికీ సహించలేదు. అన్నయ్య కాసేపు వాతావరణం గురించి మాట్లాడి ఊరుకున్నాడు. వీధిలో జనం ఎండలో హాయిగా తిరుగుతున్నారు, వాళ్ళని చూస్తే నాకు అసూయ కలిగింది. వెనక్కి బయల్దేరే ముందు అమ్మాయిని తీసుకుని మూలనున్న ఐస్‌క్రీమ్ కొట్టుకి వెళ్ళాను. అది అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. టీషర్ట్ మెడ పక్కకి జారితే భుజం మీద నా వేళ్ళ గుర్తులు ఎర్రగా కనిపించాయి. సర్ది కప్పేశాను.

కౌంటర్ వెనకున్నావిడ కోన్ అందిస్తూ, "స్వీటీ, మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగింది.

వేరే రోజైతే ఈ పిల్ల ప్లేనోలో తను పుట్టిన హాస్పిటల్ దగ్గర మొదలుపెట్టేది. ఇవాళ కోన్ పట్టుకుని, ముందు నా మొహం చూసింది. తర్వాత తలుపు వైపు చూసింది. వంగమన్నట్టు నా చున్నీ లాగింది. వంగాను.

"అమ్మా, నిజం చెప్పొచ్చా?" అంది చెవిలో.

"చెప్పు తల్లీ, చెప్పొచ్చు" అన్నాను. అది కదలలేదు. ఐస్‌క్రీమ్ కరిగి దాని వేళ్ళ మీదుగా కారుతోంది. నవ్వుతూ ఎదురుచూస్తున్న ఆవిడకి, చివరికి నేనే జవాబు చెప్పాను.