మైకమ్మ కచేరీలో అపశ్రుతి

మైకమ్మ గుసగుసలాడితే పక్క వీధివాళ్ళు సమాధానం చెబుతారు. అందుకే ఆ పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది గానీ, పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. వయసు వచ్చిన నాటి నుంచీ బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య నిలబడి పనిచేసిన మనిషి ఆవిడ. ఆ షెడ్డులో పిడుగు పడ్డా పక్క మనిషికి తెలిసేది కాదు. మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి, లేదంటే పెదవులు కదిపి చూపించాలి. తరవాత మిల్లు మూతపడింది. అరుపు మాత్రం ఆవిడతో ఇంటికొచ్చేసింది.

ఎవరేమనుకున్నా చీమ కుట్టినట్టయినా లేని మైకమ్మకు, ఒక్క మనిషి మాటంటే మాత్రం ప్రాణం. ఆ మనిషి సొంత అక్క, పెద్దక్క. చెల్లెల్ని మిల్లులో చేర్పించింది ఆవిడే. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడెలో దారపు కండె మార్చడం నేర్పింది ఆవిడే, తప్పు చేస్తే మొట్టికాయ వేసింది కూడా ఆవిడే. పక్కపక్క మగ్గాల దగ్గర ఇద్దరూ పడుగూ పేకల్లా బతికారు. బట్ట రంగైనా, పెళ్ళి సంబంధమైనా పెద్దక్క బాగుందంటేనే మైకమ్మకు బాగున్నట్టు.

అలాంటి ఇంటికి సంగీతం చదువుకున్న కోడలు వచ్చింది. చుట్టాలు సంబరపడిపోయి ఒక పాట అందుకోమన్నారు. ఆ పిల్ల నిమ్మళంగా, "నేను పాడనండీ, శబ్దాలు కూరుస్తాను" అంది. కాలేజీలో పాఠాలు చెప్పుకోవడం పోగా మిగిలిన కాలమంతా, తనలాంటివాళ్ళను మరికొందరిని పోగేసి రేకులతో, సీసాలతో, తలుపు గడియలతో, పాత రేడియో గరగరలతో కచేరీలు చేస్తుంది. దాన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారని కొడుకు అందరికీ విడమరిచి చెప్పాడు. చుట్టాలు శ్రద్ధగా తలలూపి, వీధి మలుపు తిరిగాక పడీ పడీ నవ్వారు.

ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లోంచి గిన్నెల మోత మొదలైంది. కోడలు గిన్నెలు మోగిస్తోందంటే ఏ అత్తకైనా అర్థం ఒక్కటే. మైకమ్మ కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది.

"ఏంటమ్మా, నా మీద కోపమా? ఉంటే మొహం మీద చెప్పు, గిన్నెలేం పాపం చేశాయి?"

"కోపం కాదత్తయ్యా! రికార్డు చేసుకుంటున్నా. మీ అరుపు కూడా పడింది" అని నవ్వుతూ కోడలు ఫోనులోంచి వినిపించింది. గిన్నెల గలగలను చీల్చుకుంటూ మైకమ్మ గొంతు వచ్చింది. "చూశారా, ఎంత బాగుందో!"

తన గొంతు బాగుందని పుట్టి బుద్ధెరిగాక మైకమ్మతో ఎవరూ అనలేదు. ఆవిడ అక్కడే పీట వాల్చుకుని కూర్చుంది. కోడలు ఒక్కో ప్రశ్నే అడుగుతూ మిల్లు కబుర్లన్నీ బయటికి లాగింది.

"అంత హోరులో మీకేం వినపడేదత్తయ్యా?"

"హోరేంటి? ఏ మగ్గం మాట దానిది. కండెలో దారం అయిపోవస్తే నాడె దెబ్బ మారిపోతుంది, పొడిగా పడుతుంది. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు."

"అంటే, అపశ్రుతి పలికేదన్నమాట."

"మీ మాటలు నాకేం తెలుసు? చెవిన పడగానే చెయ్యి పరుగెత్తేది, అంతే."

ఆ మాట పట్టుకుని కోడలు కొత్త రచన కట్టింది. దానికి పేరు కూడా 'అపశ్రుతి' అనే పెట్టింది. పాత సామాన్ల కొట్టునుంచి నాడెలు, చెక్క చట్రాలు, ఇనప రేకులు తెచ్చారు. అందరూ ఒకే నడకలో దెబ్బ వేస్తుంటారు. ఉన్నట్టుండి ఎవరో ఒకరు తమ దెబ్బను పొడిగా మారుస్తారు. ఎవరు మారుస్తారో ఎక్కడా రాసి ఉండదు. మిగతావాళ్ళు అదెక్కడో చెవితో పట్టుకోవాలి. సాధన చేసేది కోడలి స్నేహితుడి కారు షెడ్డులో. వాద్యకారులందరి మధ్యా నిలబడి నడక పట్టి ఉంచడం, మారిన దెబ్బ దగ్గరికి వెళ్ళి దాన్ని మళ్ళీ దారిలో పెట్టడం మైకమ్మ పని. మొదటి రోజే కుర్రకారు చేతులు నొప్పులని కూలబడితే, ఆవిడ చుక్క చెమటైనా పట్టకుండా, "అప్పుడేనా?" అంది.

కచేరీ మూతపడిన మిల్లు క్యాంటీన్ హాలులో కుదిరింది. మైకమ్మ పిలవడానికి వెళ్ళింది పెద్దక్క ఒక్కదాన్నే. ఆవిడ విని మండిపడింది.

"అన్నేళ్ళు చెవులు హోరెత్తించుకున్నది చాల్లేదా? మన కష్టాన్ని రేకులు కొట్టి నలుగురిలో నవ్వులాట చేస్తారా? దానికి నువ్వే ముందుండాలా? నేను రాను పో!"

మైకమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. హాలు ఖాళీగా ఉన్నా ఆవిడకు ఫరవాలేదు, అక్క ఒక్కతి వస్తే చాలు. ఆ మగ్గాల దగ్గర నిలబడ్డ మనిషి విని చెప్పకపోతే, తాను చేస్తున్నది సంగీతమో, పడిన కష్టాన్ని తానే వెక్కిరించుకోవడమో ఆవిడకు ఎప్పటికీ తేలదు.

కొడుక్కి తల్లంటే గర్వం, పెళ్ళామంటే గర్వం, కామాలు, చుక్కలు పెట్టడమంటే బద్ధకం. కచేరీకి కాస్త ముందు, కుర్చీలు సర్దుతూ సర్దుతూ చుట్టాలందరికీ ఫోనులో ఒక కబురు పంపాడు: "అమ్మ కచేరీలో అపశ్రుతి మిల్లు క్యాంటీన్ దగ్గర అందరూ వెంటనే రండి". పంపి, ఫోను జేబులో పడేసి మళ్ళీ కుర్చీల పనిలో పడ్డాడు.

ఫలానా చోట అపశ్రుతి అని పేపర్లో పడితే దాని అర్థం పందిరి కూలిందనో, కరెంటు షాకు కొట్టిందనో పేపరు చదివేవాళ్ళందరికీ తెలుసు. చుట్టాలు ఉన్నవాళ్ళు ఉన్నట్టు బయలుదేరారు. ఒకరు ఫ్లాస్కులో పాలు, ఒకరు సంచీ నిండా పళ్ళు. మైకమ్మ చిన్న మరిది గేటు దగ్గరే "వదినా!" అని బావురుమన్నాడు.

"ఏంట్రా, ఎవరు పోయారు?" అంటూ మైకమ్మ బయటికొచ్చింది.

"నువ్వే అనుకున్నాం వదినా!"

అందరికన్నా చివర ఆటో దిగింది పెద్దక్క. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు. చెల్లెల్ని ఎగాదిగా చూసి, రెండు భుజాలూ తడిమి, వీపు మీద ఒక్కటి చరిచింది.

"బతికే ఉన్నావా? మరి నన్నెందుకే చంపుతావు!"

విషయం తెలిశాక చెల్లెలి కొడుకును తిట్టాల్సినవన్నీ తిట్టి ఆటో వైపు తిరిగింది. కోడలు ఎదురొచ్చి, "చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు పెద్దత్తయ్యా, కాసేపు కూర్చుని వెళ్ళండి" అంది.

"కూర్చుంటాను. వినను" అంది పెద్దక్క. ముందు వరసలో కూర్చుని గోడవైపు మొహం తిప్పుకుంది.

కచేరీ మొదలైంది. ఒక నాడె, తరవాత ఒక రేకు, తరవాత ఒక చట్రం కలుస్తూ, చూస్తుండగా హాలంతా నడకలో పడింది. పళ్ళ సంచీవాళ్ళు, పాల ఫ్లాస్కువాళ్ళు బిత్తరపోయి కూర్చున్నారు. పెద్దక్క గోడనే చూస్తోంది. నడుమ ఎక్కడో ఒక దెబ్బ పొడిగా పడింది. వాద్యకారులు ఇంకా వెతుక్కుంటూనే ఉన్నారు, పెద్దక్క చటుక్కున తిరిగింది. చెయ్యి దానంతట అది లేచింది. చెల్లెలి వైపు చూసి చప్పుడు లేకుండా పెదవులు కదిపింది: ఎడమవైపు, చివర.

మైకమ్మ అటు నడిచింది. ఆ దెబ్బ మళ్ళీ దారిలో పడింది. అది మొదలు ఎప్పుడు దెబ్బ మారినా పెద్దక్క పెదవులు ముందుగా కదిలేవి, మైకమ్మ కాళ్ళు వెంటనే అటు వెళ్ళేవి. మధ్యలో అన్ని రేకులు మోగుతున్నా, ఆ హాలులో ఇద్దరు మనుషులు హాయిగా మాట్లాడుకుంటున్నారని కోడలికి అర్థమై కళ్ళు చెమర్చాయి. తాను రాసినదానికన్నా బాగా వస్తోందని ఆ పిల్లకు తెలుస్తూనే ఉంది.

అంతా ఆగాక చప్పట్లు మోగాయి. ఏడుస్తూ వచ్చిన మరిదే అందరికన్నా గట్టిగా కొట్టాడు. పెద్దక్క కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. మైకమ్మ ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడింది.

"అన్నేళ్ళూ ఈ మోతను నిలబడే విన్నామే" అంది పెద్దక్క. "కూర్చుని వినడం ఇదే మొదలు. ఇంత బాగా చేసేవాళ్ళమా మనం?"

"చేసేవాళ్ళం అక్కా" అని, మైకమ్మ ఇంకో కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది.