శారమ్మ ఇటలీ వెళ్లిన పుట్టినరోజు

బోధన్ చెరకు తోటల్లో కలుపు తీసే శారమ్మకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. చర్చిలో ప్రసంగం సాగుతుంటే బెంచీ అంచును గోటితో గీకుతుండేది. ఎవరి వాకిట్లో నిలబడి మాట్లాడినా, మాట మధ్యలోనే వంగి నాలుగు గడ్డిపోచలు పీకేది. ఆమె భర్త దేవదాస్ రెండో ప్రపంచ యుద్ధంలో మిలిట్రీ లారీ డ్రైవరుగా వెళ్లి ఇటలీలో చనిపోయాడు. అప్పటికి కూతురు సుగుణ కడుపులో ఉంది. నలభై ఏళ్లు గడిచి ఆ సుగుణే ఇప్పుడు రోములో నర్సు. తల్లికి అరవై నిండుతున్నాయని విమానం టిక్కెట్టు పంపించి పిలిపించుకుంది. "పుట్టినరోజుకు ఏం గావాలె అవ్వా?" అని అడిగితే, "మీ బాపు ఉన్నకాడికి తోల్కపో," అంది శారమ్మ.

సైనికుల సమాధుల తోటలో ఆమె కూతురికంటే ముందే గబగబా నడిచింది. దేవదాస్ రాయి దగ్గర అలవాటుగా వంగింది గాని, పీకడానికి అక్కడ ఒక్క కలుపు మొక్కా లేదు. ఏం చేయాలో తోచక చీరకొంగును మెలిపెట్టింది. "గా రాయి మీద ఏం రాసిండ్రు?" అని అడిగింది.

"పేరు, వయసు. ముప్పై ఏండ్లని ఉన్నది," అంది సుగుణ.

శారమ్మ ఆ రాయిని చూసి, చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్న కూతురిని చూసింది. పచ్చికలో మెల్లగా కూలబడింది. "నీకన్న సిన్నోడే బిడ్డా మీ బాపు," అంది. "నాతోనే ముసలోడైతుండనుకున్న గద, ఇన్నేండ్లు."