ఎనిమిదో అద్దంలో చిలక

రాజావారి తోట మందిరంలో ఎండకీ వానకీ తుపానుకీ చెక్కుచెదరని ఒక బొమ్మను, పాత బనీను ముక్కా షాంపూ పాకెట్టూ పట్టుకుని పది నిమిషాల్లో మాయం చేసినదాన్ని నేను. ఆ ఘనత ఎలా సాధించానో మొత్తం చెబుతాను. మధ్యలో నా మీద జాలి పడకండి, అందుకు తగిన మనిషిని కాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఎచ్చెర్లలో చరిత్ర ఎం.ఏ. పూర్తిచేసి, మా పాతపట్నం మొత్తం మీద చరిత్ర తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ తిరుగుతున్న రోజులు. ఒక మ్యూజియంవాళ్లు ఆరు నెలల ఒప్పందం మీద నన్ను తీసుకున్నారు. విజయనగరంలో పాత ఇళ్లకు వెళ్లి, అక్కడున్న పాత వస్తువుల ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని పంపడం నా పని. అలా వెళ్లిన మూడో ఇల్లు పైడమ్మ మామ్మగారిది.

మామ్మగారి మామగారు ఒకప్పుడు రాజావారి తోటకి పెత్తందారు. తోటలో రాణులు సాయంత్రం పూట కూర్చునే మందిరం ఒకటి ఉండేదట. అది పాడుబడి కూల్చేస్తున్నప్పుడు, తలుపుల పైన బిగించిన బొమ్మల అద్దాలు ఎనిమిదింటిని ఆయనకిచ్చేశారు. ఒక్కొక్కటీ చిన్న కిటికీ రెక్కంత ఉంటుంది. ప్రతి అద్దంలోనూ పట్టుచీర కట్టిన ఒక అమ్మాయి, పక్కన ఒక పక్షి. ఒకామె దగ్గర నెమలి, ఒకామె దగ్గర హంస. ఎనిమిదో అమ్మాయి చేతి మీద పచ్చటి చిలక.

మంగళవారం నాలుగు గంటలకి మ్యూజియం నుంచి వసంత మేడమ్ స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆవిడకి నచ్చితే ఎనిమిది అద్దాలూ కొత్త హాల్లోకి వెళతాయి, కింద మామ్మగారి మామగారి పేరు పడుతుంది. మామ్మగారు ఆ సంగతి వీధిలో ఇంటింటికీ చెప్పేశారు. మేడమ్ మాత్రం నాకు చెప్పింది ఒకటే మాట: ఫొటోలు తియ్యి, ముట్టుకోకు. ఫోన్లో రెండుసార్లు, మెసేజ్‌లో ఒకసారి చెప్పారు. మూడుసార్లు చెప్పారంటే నా గురించి ఆవిడకి అప్పటికే ఒక అంచనా ఉందన్నమాట.

ఆ మంగళవారం పొద్దున్న పది గంటలకి మామ్మగారు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్లారు. ఒంటిగంటకల్లా వచ్చేస్తానన్నారు. ఇంట్లో నేనూ, ఎనిమిదిమంది అమ్మాయిలూ మిగిలాం. ఏడు అద్దాల ఫొటోలు చక్కగా వచ్చాయి. ఎనిమిదోది మసకగా వచ్చింది. అద్దం పైన తుడిచి మళ్లీ తీశాను. మళ్లీ మసకే. మురికి పైన లేదంటే లోపలుండాలి కదా. చరిత్రలో ఎం.ఏ. చేసిన బుర్ర అక్కడితో ఆగుతుందా? అద్దాన్ని గోడ మీంచి దింపి, మంచం మీద బోర్లా పెట్టి, గరిటె కాడతో మేకులు పీకి, వెనక చెక్క తీశాను.

వెనకవైపు చూడాలి. గరుకుగా, మచ్చలు మచ్చలుగా, గోడకి పట్టిన నాచులా ఉంది. షాంపూ నీళ్లలో బనీను ముక్క ముంచి ఒక్కసారి రుద్దాను. గుడ్డ పచ్చగా అయింది. ఇన్నేళ్ల పాచి, ఎంత వస్తోందో అని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంకో రెండుసార్లు గట్టిగా రుద్ది, ఆరబెట్టి, గర్వంగా తిప్పి చూశాను.

చిలక లేదు.

అమ్మాయి ఉంది, ఆమె చిరునవ్వు ఉంది, చాచిన చెయ్యి ఉంది. ఆ చేతిలో ఏమీ లేదు. చిల్లర కోసం చెయ్యి చాచిన బస్సు కండక్టరులా నా ముందు నిలబడింది.

 గుడ్డ వంక చూశాను, అద్దం వంక చూశాను, మళ్లీ గుడ్డ వంక చూశాను. చిలక మొత్తం గుడ్డలో ఉంది. పదకొండుంబావు అయింది. నాకు తెలిసిన చిత్రకారుడు ఈ లోకంలో ఒక్కడే: కోట జంక్షన్‌లో సైన్‌బోర్డులు రాసే మా అప్పలరాజు బావ. ఫోన్ చేసి ఏడుస్తూ రమ్మన్నాను. స్కూటర్ మీద పావుగంటలో వచ్చాడు. అద్దం చూశాడు, గుడ్డ చూశాడు, తరవాత చాలాసేపు నన్ను చూశాడు.

"ఒసే ఝాన్సీ, ఏటి సేసినావే?"

"తుడిచాను బావా."

"ఇది అద్దం ఎనక గీసిన బొమ్మే. ముందునుంచి సూడ్డానికి ఎనకనుంచి రంగెడతారు. నువ్వు మురికి తుడవలేదు, బొమ్మే తుడిసీసినావు."

నువ్వే మళ్లీ గియ్యి అని బతిమాలాను. ఇంకొకళ్ల పాత బొమ్మ మీద తన చెయ్యి పడదన్నాడు, మేడమ్‌కి ఫోన్ చేసి నిజం చెప్పెయ్యమన్నాడు. నిజం తప్ప ఇంకేదైనా చెప్పమంటే చెబుతానన్నాను. అరగంట వాదించి, నా ఏడుపు భరించలేక, రెండు చిన్న డబ్బాల రంగూ ఒక సన్న కుంచే చేతిలో పెట్టి, పోయే ముందు గుమ్మంలో ఆగి చెప్పాడు.

"ఎనకనుంచి గీసినప్పుడు అంతా తిరగబడతాది. ముందు కన్నెట్టాల, తర్వాత ముక్కు, ఆఖర్న ఒళ్లు. మర్సిపోకు."

మర్చిపోలేదు. కుంచె పట్టుకుని, ముందు కన్ను, తరవాత ముక్కు అని గొణుక్కుంటూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. ఎదురింటివాళ్లది. కానీ ఆ ఒక్క క్షణం కంగారులో కుంచె తిన్నగా పచ్చరంగులోకి దిగి, చిలక ఒళ్లంతా గబగబా పూసేసింది. దాని మీద ఎంతో శ్రద్ధగా ఎర్రటి ముక్కూ, గుండ్రటి కన్నూ పెట్టాను. వెనకనుంచి చూస్తే నిజంగా చిలకే. తిప్పి చూస్తే కన్నూ ముక్కూ పచ్చరంగు వెనక దాక్కున్నాయి. పట్టుచీర కట్టిన రాచకన్య ఒక బీరకాయని చేతిలో పెట్టుకుని ఎంతో ప్రేమగా దానివైపు చూస్తోంది.

తుడిచి మళ్లీ గీద్దామంటే గుడ్డ ముట్టుకోవడానికే భయం వేసింది. ఈసారి నిజంగానే ఆటో వచ్చింది. చెక్క బిగించి, అద్దం గోడకి తగిలించి, బనీను ముక్క నా బ్యాగులో కుక్కి, ఏమీ ఎరగనట్టు కొలతల పుస్తకం తెరిచి కూర్చున్నాను. పుస్తకం తలకిందులుగా ఉందని తరవాత తెలిసింది.

మామ్మగారు లోపలికొచ్చి, చెప్పులు విడిచి, సరిగ్గా ఎనిమిదో అద్దానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ అద్దం వంక చూశారు. చూస్తూనే ఉన్నారు. గోడ గడియారం చప్పుడు నా చెవిలో సుత్తితో కొట్టినట్టుంది. చివరికి నావైపు తిరిగి అన్నం తిన్నావా అని అడిగి, లోపలికి వెళ్లిపోయారు. చూపు ఆనలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా లేదు. ఈ వయసు మనిషిని మోసం చేస్తున్నానన్న బాధతో, ఆ మధ్యాహ్నం ఆవిడ పెట్టిన ముద్దపప్పు కూడా సగంలోనే వదిలేశాను.

నాలుగు గంటలకి వసంత మేడమ్ వచ్చారు. భూతద్దం, టార్చి, దూది, తెల్లటి చేతితొడుగులు. మొదటి అద్దం దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు. చాలా బావుందన్నారు. రెండోది, మూడోది. ఆవిడ ఒక్కో అడుగు వేస్తుంటే నా ఒళ్లు ఒక్కో డిగ్రీ వేడెక్కింది. మామ్మగారు కొత్త చీర కట్టుకుని తలుపు పక్కన నిలబడ్డారు. ఆరో అద్దం దగ్గర మేడమ్ ఆవిడతో, మీ మామగారు వీటిని ఎంత జాగ్రత్తగా కాపాడారండీ అన్నారు. ఆ మాటతో నాలో ఏదో తెగింది. ఏడో అద్దం చూడకముందే గట్టిగా అనేశాను. భయం వేస్తే నాకు మా ఊరి భాష తప్ప ఇంకోటి రాదు.

"మేడమ్, ఎనిమిదో దాంట్లో సిలకని నేనే తుడిసీసినాను. ఇప్పుడున్నది నేను గీసిందే."

 మేడమ్ వచ్చి బీరకాయని చూశారు. ఆవిడ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. అద్దం దింపి, చెక్క తీసి, ఇంకా ఆరని నా కళాఖండాన్ని దూదితో ఒత్తి తీసేశారు. టార్చి వేసి, భూతద్దం పెట్టి అంచుల్లో వెతికారు. నా బ్యాగులోంచి బనీను ముక్క తీయించి దాన్నీ పరీక్షించారు. ఆ అయిదు నిమిషాల్లో నేను ఉద్యోగం పోగొట్టుకుని, పాతపట్నం బస్సెక్కి, మా నాన్నకి సంగతి చెప్పి, మంచమెక్కడం దాకా అయిపోయింది.

"అమ్మాయి చీర అంచులో వేలెడంత అసలు రంగు నువ్వు పోగొట్టావు," అన్నారు మేడమ్. "అది ఇంక తిరిగి రాదు. కానీ ఈ చిలక రంగు రాజుల కాలంది కాదు. పిల్లలు బొమ్మలేసుకునే నీళ్ల రంగు. తరవాతెవరో గీశారు."

ఇద్దరం మామ్మగారివైపు తిరిగాం. ఆవిడ కొత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తున్నారు.

"అది సిలక కాదమ్మా," అన్నారు చివరికి. "అక్కడ పావురం ఉండేది."

మేడమ్ చేతిలో టార్చి వెలుగు గోడ మీదకి జారింది.

"నాను కాపరానికొచ్చిన యేడు, దసరాకి ఇల్లు కడుగుతూ, ఎనక సెక్క తీసి కుంకుడురసంతో తుడిసినాను. పావురం పోనాది. మా మరిది బడికి పట్టుకెళ్లే రంగులపెట్టుంటే తీసినాను. తెల్లరంగు అయిపోయున్నాది. పచ్చ ఒక్కటే ఉన్నాది. పచ్చ పావురం ఎక్కడైనా ఉంటాదేటి? అందుకని ముక్కు వంకర తిప్పి, కుంకుమెట్టి, సిలకని సేసీసినాను."

"మీ మామగారు చూడలేదా?" అని అడిగారు మేడమ్.

"సూసినారు. నన్నేటీ అన్లేదు. మర్నాటి నుంచి ఇంటికొచ్చినోళ్లందరికీ అది రాణీగారు పెంచుకున్న సిలకని సెప్పడం మొదలెట్టినారు. ఆ సిలక మూడు బాసలు మాట్లాడేదని కూడా సెప్పేవోరు."

ముందు నవ్వింది మేడమే. తరవాత మామ్మగారు. నేను మాత్రం ఏడ్చాను. మామ్మగారు నన్ను దగ్గరికి లాక్కుని, బ్యాంకు నుంచి రాగానే సూసీసినానమ్మా, సెబుతావో లేదో అని సూసినాను, నాను ఇన్నేళ్లూ సెప్పలేకపోనాను అన్నారు.

ఎనిమిది అద్దాలూ హాల్లోకి వెళ్లాయి. ఎనిమిదో అమ్మాయి ఖాళీ చెయ్యి చాచుకునే ఉంది. కింద మామగారి పేరు పడింది. నా ఉద్యోగం పోలేదు గానీ, ఏ గంటకి, ఏ గుడ్డతో, ఏ షాంపూతో ఏం చేశానో స్వదస్తూరితో రాసివ్వమన్నారు మేడమ్. ఆ కాగితం ఫైల్లో పదిలంగా ఉంది. కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటిరోజు దాన్ని చదవమని ఇస్తారట. నేను రాసినవాటిలో ఇంతమంది చదివింది అదొక్కటే.

కనుక ఆ ఎనిమిదిమంది అమ్మాయిల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముందు ఏదో వెనక ఏదో తెలియని వస్తువును నా ఊపిరి ఉన్నంతవరకూ తుడవను. మా ఇంట్లో ఫ్యానుకీ, బీరువాకీ, గ్యాస్ పొయ్యికీ ముందు ఏదో వెనక ఏదో నాకింకా తేలలేదు. మా ఆయనకి అభ్యంతరం ఉంది. అయినా, ప్రమాణం ప్రమాణమే.