గోడవతలి అంబాసిడర్

"సున్నమే! నాకు కండ్లు లేవనుకుంటాండావా? ఇది సున్నం కాకపోతే ఏంది, నీ పెట్టెలో పౌడరా?"

"అరవొద్దు. అవతల అంగట్లో మనుషులుండారు."

"ఉండనీ. వాళ్ళు ఇనాలనే అరుస్తాండా. ఇన్నేండ్లు తిప్పలు పడి ఇంజను లేపితే, రేడియేటర్ నిండా సున్నం పోసిపోతారామ్మే? మూత తీసి సూడు. లోపల గోడలకు పూసినట్ల ఉండాది!"

"ఎవురు పోసింటారు?"

"పేరు నాతోనే చెప్పించల్లనా? ఈ గోడకవతల ఎవుడుండాడో నీకు తెల్దా?"

గోడకవతల నరసన్న ఉన్నాడు. లారీ టైరులోంచి మేకు పీకుతున్న అతని చేయి అక్కడే నిలిచిపోయింది.

అరుస్తున్నది అతని సొంత అన్న ఓబుళేశు. సర్దిచెబుతున్నది వదిన నాగలక్ష్మమ్మ. ఓర్వకల్లులో కర్నూలు రోడ్డు మీద నరసన్నకు టైర్ల అంగడి ఉంది. అంగడి వెనక గోడ, గోడ వెనక అన్న ఇల్లు. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నాక లేచిన గోడ అది. అప్పటినుంచి నరసన్న ఆ ఇంటి గడప తొక్కలేదు. వదిన ఎదురైతే పలకరిస్తాడు. అన్న ఎదురైతే పోయే లారీల వంక చూస్తాడు.

తొక్కకపోయినా లోపల ఏం జరుగుతోందో అతనికి తెలియనిది లేదు. చెవులుంటే చాలు. ఆ గోడ వెనక వాళ్ళ నాయన కారు, తెల్ల అంబాసిడర్, ఆరేళ్ళుగా ముక్కలుముక్కలుగా విడిపోయి మళ్ళీ ముక్కలుముక్కలుగా అతుక్కుంటోంది. రేకు మీద సుత్తి పడితే అది తలుపో బానెట్టో నరసన్న చెప్పగలడు. లారీలు తోలి బతికినవాడు. పోయిన ఏడు మొదటిసారి ఇంజను పట్టుకున్నప్పుడు టక టక చప్పుడు విని, వాల్వులు సరిగ్గా బిగించలేదని ఈవలినుంచే పసిగట్టాడు. ఇంజను లేచినప్పుడల్లా ఆ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. నరసన్న ఒక్క మాట చెప్పి పంపలేదు. ఎందుకు చెప్పాలి? బండి అతనిది కాదు కదా.

ఓబుళేశు మనిషి ఎలాంటివాడో చెప్పాలంటే గోళ్ళరంగు సంగతి చెప్పాలి.

అతను పిండి మర ఆడిస్తాడు. యాభై దాటాయి. కనుబొమల మీద ఎప్పుడూ జొన్నపిండి ఉంటుంది. తుడుచుకున్నా పోదు, అతను తుడుచుకోడు కూడా. మర దగ్గర తప్ప నోరు తెరవడు, తెరిస్తే అనుమానమే. జొన్నల్లో రాళ్ళు కలిపి తెచ్చారని ఆడవాళ్ళ మీద అనుమానం. మీటరు పరుగెత్తుతోందని కరెంటోళ్ళ మీద అనుమానం. ఇక మెకానిక్కుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కారు బాగుచేయించాలనుకున్న మొదటి ఏడాది కర్నూలు నుంచి ఒకతన్ని పిలిపించాడు. అతను కార్బురేటర్ విప్పి, షెడ్డుకు తీసుకుపోయి కడిగి తెస్తానన్నాడు. ఓబుళేశు ఒప్పుకోలేదు. మంచి సామాను దాచుకుని పాతది తగిలిస్తారని అతని భయం. నాగలక్ష్మమ్మ పెట్టెలోంచి గోళ్ళరంగు సీసా తెచ్చి, విప్పిన ప్రతి ముక్క మీదా ఎర్రచుక్క పెట్టాడు. మెకానిక్ చూసి నవ్వాడు.

"ఏమప్పా, కారుకు పెండ్లి చేస్తాండావా?"

"సుక్క లేని సామాను నా గేటు లోపలికి రాగూడదు. అంతే."

ఆ మెకానిక్ మళ్ళీ రాలేదు. తర్వాత వచ్చినవాళ్ళూ నిలవలేదు. వాళ్ళు పని చేస్తుంటే ఈయన పక్కనే గొంతుక్కూర్చుని, ఏ నట్టు ఎటు తిప్పుతున్నారో రెప్ప వేయకుండా చూసేవాడు. అలా చూసీ చూసీ చివరికి తనే నేర్చుకున్నాడు. మర ఆగిన వేళల్లో కారున్న కొట్టంలో దూరేవాడు. బంపరు కోసం ఆదోని పోయాడు. వెనక దీపాల అద్దాల కోసం పాత ఇనుము అంగళ్ళన్నీ తిరిగి, ఒక అద్దం కడపలో, ఒక అద్దం నంద్యాలలో పట్టుకొచ్చాడు. రెండింటి ఎరుపూ ఒకటి కాదని నెలరోజులు గొణిగాడు. ఊళ్ళో అతనికి పిచ్చి అన్నారు. నరసన్న మాత్రం పిచ్చి అనుకోలేదు. అన్నకు పిచ్చి లేదని, లెక్క ఉందని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి మూలం భాగాలు పంచిన రోజులో ఉంది.

వాళ్ళ వైపు పంపకాలకు ఒక పద్ధతి. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. ఏరుకునేదాకా పెద్దవాడు నోరు మెదపకూడదు. కనుసైగ చేసినా కూర్చున్న పెద్దమనుషులు ఊరుకోరు. వేసేవాడు మోసం చేయకుండా పెట్టుకున్న కట్టు అది. నాయన పోయాక చేను సమానంగా చీలింది. మిగిలినవాటిని ఓబుళేశు రెండు చేశాడు. ఒక వైపు ఇల్లు, ఇంటి కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న నాయన కారు. ఇంకో వైపు రోడ్డు మీది రెండు అంగళ్ళు. అందులో ఒక అంగట్లో అప్పటికే ఓబుళేశు పిండి మర ఆడుతోంది.

నరసన్నకు కనిపించింది ఒక్కటే. రోడ్డు మీది జాగా తను మింగి, తుప్పు ఇనుము తగిలించిన కొంప నా నెత్తిన రుద్దుతున్నాడు అనుకున్నాడు.

"అంగళ్ళు నాకు," అన్నాడు.

ఓబుళేశు మొహం పిండి పూసినట్టు పాలిపోయింది. దొరికిపోయాడులే అని నరసన్న లోపల సంబరపడ్డాడు. వారం తిరగకముందే అన్న మరను పెకిలించుకుని ఇంటి వాకిట్లోకి మార్చుకున్నాడు. రోడ్డు మీద బస్సు దిగి జొన్నలు పోసిపోయే జనం సందులోకి రాలేదు. గిరాకీ సగం పడిపోయింది. అన్న ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నరసన్నను తొలిచింది. నష్టపోయినవాడు అరవాలి కదా?

ఆ తర్వాత కొన్నాళ్ళకే గోడ వెనక సుత్తి మోగడం మొదలైంది. టైరు మార్పించుకోవడానికి ఆగిన ఒక లారీ డ్రైవరు ఆ చప్పుడు ఏమిటని అడిగి, "పాత అంబాసిడరా? బెంగుళూరులో దానికోసం కొట్టుకుంటాండారన్నా," అన్నాడు. ఆ రాత్రి నరసన్నకు అన్నం దిగలేదు. మొత్తం కథ తలకిందులైంది. అయితే అసలు సొత్తు కారే! నేను వద్దంటానని తెలిసే దాన్ని ఇంటి వైపు పెట్టాడు. ఆ పాలిపోయిన మొహం కూడా నాటకమే.

ఆ రోజునుంచి గోడకు చెవి పెట్టడం అలవాటైంది. గేటు ముందు కొత్త మోటారుసైకిలు ఆగితే బేరగాడేమో. అన్న సంచితో కర్నూలు బస్సెక్కితే మాట్లాడుకోవడానికేమో. ఆరేళ్ళలో ఏ బేరగాడూ రాలేదు. రాకపోవడం కూడా అనుమానమే: ఇంకా పెద్ద బేరానికి ఆగాడేమో.

ఇప్పుడు దొంగ ఎవరయ్యా అంటే నరసన్న!

మేకు కింద పడేసి సందు తిరిగి గేటు తోశాడు. ఆరేళ్ళ తర్వాత ఆ వాకిట్లో అడుగుపెడుతున్నానన్న సంగతి కూడా గుర్తుకురాలేదు.

"ఎవుర్నన్నా నువ్వు అంటాండేది? పేరు పెట్టి అను!"

ఓబుళేశు తిరిగి చూశాడు. చేతులు మోచేతిదాకా గ్రీసు, కనుబొమల మీద పిండి. "ఇన్యావు కదా. నువ్వే అను."

"నీ డబ్బాలో సున్నం పోసేంత పనిలేనోడినా నేను?"

"అయితే యాడనుంచి వచ్చె? ఆకాశంలోనుంచి రాలెనా?"

"ఏమో! నువ్వే పోసుకుని నామీద పెడ్తాండావేమో. భాగాల్లో చేసిన మాదిరి!"

"ఏం చేసినానురా భాగాల్లో?"

నాగలక్ష్మమ్మ ఇద్దరి మధ్యనుంచీ విసురుగా స్నానాల గది వైపు పోయింది. పోయి, నీళ్ళు కాచే రాగి కాగును ఈడ్చుకొచ్చి ఇద్దరి కాళ్ళ ముందు దబ్బుమని పెట్టింది. వంగి, గరిటె కాడతో లోపల గీకింది. తెల్లటి పొర పెచ్చులుగా లేచింది.

"దీంట్లో ఎవురు పోసినారు సున్నం? గోడ దూకి నా కాగులో గూడా పోసిపోయినాడా నీ తమ్ముడు?"

ఇద్దరూ కాగులోకి చూశారు.

"రోజూ ఆ కారులో ఏం నీళ్ళు పోస్తాండావయ్యా? బోరు నీళ్ళు. నేను పప్పు ఉడికించనీకి గూడా పనికిరావని మొత్తుకునే నీళ్ళు. ఏడాదిగా పోయడం, సలసలా కాగబెట్టడం. పేరుకోక యాడికిపోతాది?"

ఓబుళేశు ఆ పెచ్చును తీసుకుని నలిపాడు. నాలుక మీద పెట్టుకుని చూశాడు. రేడియేటర్‌లోది తీసి దాన్నీ చూశాడు. రెండూ ఒకటే రుచి. నరసన్నకు నవ్వు రాబోయి ఆగింది, ఎందుకంటే లారీ తోలినన్నాళ్ళూ అతనూ దారిపొడుగునా బోరు నీళ్ళే పోశాడు. ఎక్కడ ఇంజను ఉడికినా లారీ యజమానిని తిట్టాడు.

పోదామని తిరిగినవాణ్ణి వదిన వదల్లేదు.

"నిలబడు నరసన్నా. భాగాల్లో ఏం చేసినాడన్యావు? ఈపొద్దు నేనే సెప్తా ఇను. పంచేదానికి నెల ముందర ఈ మనిషి ఆ అంగట్లో మరకు కొత్త సిమెంటు దిమ్మె కట్టించినాడు. ఇడిసిపోయే అంగట్లో ఎవురన్నా దిమ్మె కట్టిస్తారా? నువ్వు కారు యాడుంటే ఆడికే పోతావని—"

"ఊరుకోమ్మే."

"ఆరేండ్లు ఊరుకుంటి. నాయన ఒళ్ళో కుచ్చోని స్టీరింగు పట్టుకున్నోడు, కారు ఇడిసిపెట్టడనుకున్నాడప్పా మీయన్న. అందుకే ఇంటికి కట్టినాడు దాన్ని. నువ్వేమో ఎగిరి అంగళ్ళ మీద పడితివి. నోరు తెరిసే రివాజు లేకపాయె."

నరసన్న అన్న మొహం చూశాడు. ఇది నిజమైతే తను ఆరేళ్ళు ఎవరితో పోట్లాడినట్టు? అబద్ధమైతే మొగుడూ పెళ్ళాం బాగా కూడబలుక్కున్నట్టు. కానీ ఆ దిమ్మె ఉంది. అంగడి మధ్యలో ఇప్పటికీ ఉంది. దాని బోల్టులకు కాలివేళ్ళు ఎన్నిసార్లు కొట్టుకున్నాయో.

"అంటే నాకోసం త్యాగం చేసినావన్న మాట," అన్నాడు వెటకారంగా.

"త్యాగం లేదు, తోలు లేదు," ఓబుళేశు కసిరాడు. "అంగళ్ళు నాకు కావాలనుకున్నా. రోడ్డు మీద మర ఆడతాది. కారు నీకు పోవాలనుకున్నా. రెండూ అనుకున్నా. నీకు కారు ఎరేసి అంగళ్ళు కొట్టేసినాడనుకుంటావో, తమ్మునికి నచ్చింది పెట్టినాడనుకుంటావో, నీ ఇష్టం. నాకే తెల్దు ఏది ఎక్కువో."

నరసన్న గేటు దాటి అంగడికి వచ్చేశాడు.

కానీ ఆ మాట అతన్ని వదల్లేదు. అన్న తనను తాను మంచివాణ్ణి చేసుకుని ఉంటే నరసన్న నమ్మేవాడు కాదు, హాయిగా నిద్రపోయేవాడు. సగం స్వార్థం ఒప్పుకున్నాడు. అబద్ధమాడేవాడు ఆ సగం దాచుకుంటాడు కదా? అలా అనిపించిన మరుక్షణం ఇంకో పురుగు తొలిచేది: ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడే ఎందుకు చెప్పారు? బండి తయారైన వేళే ఎందుకు? నాతో ఏం పనిపడింది?

గోడ వెనక చప్పుళ్ళు మారాయి. సున్నం వదలడానికి వదిన చింతపండు పులుసు కాచి రేడియేటర్‌లో పోయించినట్టుంది. పుల్లటి ఆవిరి అంగడిదాకా వచ్చింది. తొలకరి పడిన రోజు వాళ్ళింట్లో బిందెలు, బకెట్లు, చివరికి పిండి డబ్బాలు కూడా చూరు కింద చేరిన మోత వినిపించింది. బోరు నీళ్ళకు సెలవన్న మాట. మరునాడు పొద్దున ఇంజను పట్టుకుంది. నరసన్న పని ఆపి విన్నాడు. ఐదు నిమిషాలు, పది, ఇరవై. ఉడకలేదు. వాల్వులు కూడా కుదిరాయి. ఎప్పుడు సరిచేశాడో!

కాసేపటికి అంగడి ముందు నీడ పడింది. ఓబుళేశు. ఆరేళ్ళలో అతను ఆ అంగడి మెట్టు ఎక్కడం అదే మొదలు. లోపలికి వస్తూనే చూపు నేల మీది దిమ్మె వైపు పోయింది, వెంటనే తిప్పేసుకున్నాడు.

ఇదిగో, పనిపడింది అనుకున్నాడు నరసన్న. "అమ్మేకి మనిషి దొరికినాడా?" అన్నాడు.

"దొరికింటే నీకాడికెందుకొస్తా?" ఓబుళేశు తాళంచెవి తీసి టైరు మీద పెట్టాడు. దాని తల మీద కూడా ఎర్రచుక్క ఉంది. "నాకు తోలేది రాదు. నీకు తెల్సు."

"డ్రైవర్ని పెట్టుకో."

"వానికేం తెల్సు? నాయన తోలేటప్పుడు నువ్వు ముందర కుచ్చునేవాడివి, నేను ఎనక కిటికీకాడ. బండి ఎట్ల కనపడతాండెనో నాకు తెల్సు. రంగు, సీటు, దీపాలు, అన్నీ ఆ మాదిరే చేసినా. ఎట్ల పోతాండెనో మాత్రం నాకు తెల్దు. అది నీకొక్కనికే తెల్సు."

నరసన్న తాళంచెవి ముట్టుకోలేదు.

"ఎయిర్‌పోర్టు కాడిదాకా తోలుకోని రారా. నేను పక్కన కుచ్చోను, ఈడనే ఉంటా. వచ్చి, నాయన బండి మాదిరే ఉండాదో లేదో సెప్పు. నామీద కోపముంటే కోపంగానే సెప్పు. కానీ నన్ను సంతోషపెట్టేకో, ఏడిపిచ్చేకో ఒక్క అబద్ధం ఆడొద్దు. అంతే నేనడిగేది."