లైన్ క్లియర్ అడగని అక్షరాలు

తొంభైల్లో, ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకని మా రైల్వే క్వార్టర్ వరండాలో ఎండ కొలిచే యంత్రం ఒకటి చేశాను. యంత్రమనడం నా గొప్ప. నిజానికి అది చెక్క పలక మీద ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు, దానికి తీగతో తగిలించిన కాలేజీ వారి పాత ప్రింటరు. చిప్పు ఐదు నిమిషాలకోసారి వేడి కొలిచి గుర్తు పెట్టుకోవాలి. సాయంత్రం మీట నొక్కితే ఆ పట్టీనంతా ఒక్కో అక్షరం చొప్పున ప్రింటరుకి పంపాలి.

సోమవారం వైవా. ఎగ్జామినరు ముందు పట్టీ తప్పుల్లేకుండా రాకపోతే నేను మళ్ళీ ఏడాది అదే బెంచీ మీద, ఈసారి జూనియర్ల పక్కన.

నాన్న బిలాస్‌పూర్ పక్కనున్న గతౌరా స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. ఆయనకి కంట్రోలరంటే బిలాస్‌పూర్ ఆఫీసులో కూర్చుని, బండి ఎక్కడుందని ఫోనులో ప్రాణం తీసే మనిషి. “మైక్రో కంట్రోలరంటే సిన్న కంట్రోలరా? డ్యూటీలో ఒకడు సాలడని ఇంటికొకడిని తెచ్చినావేటమ్మా,” అన్నారు చిప్పు మీదికి వంగి.

శనివారం సాయంత్రం మీట నొక్కాను. మొదటి పదిహేను వరసలు ముత్యాల్లా వచ్చాయి. ఆ తరవాత ప్రింటరు అంకెలు మింగడం మొదలెట్టింది. నలభై రెండున్నర ఉండవలసిన చోట నాలుగున్నర. మే నెల బిలాస్‌పూర్‌లో మా వరండా ఒక్క వరసలో కాశ్మీరు అయిపోయింది.

“ఆ టైముకి నన్ను పిలిస్తే సల్లగా కూకుందును కదే,” అంది అమ్మ. ఆమె కోపానికి వేరే కారణముంది. పాడైన ఇస్త్రీ పెట్టె తీగ కోసి నేను ప్రింటరుకి తగిలించాను. “పెట్టి బాగు సేయిద్దామనుకుంటే తోక తెంపేసినావు.”

ప్రింటరుని తిట్టాను, కరెంటుని తిట్టాను. చిప్పుని తిట్టలేదు, అది నా ఎంపిక. నాన్న టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు.

“అవతలోడికి సోటుందో లేదో ఇవతలోడికి ఎలాగ తెలుత్తాది?”

చెప్పాను. ప్రింటరు కొట్టేది నెమ్మది, చిప్పు పంపేది వేగం. ప్రింటరు కొన్ని అక్షరాలే దాచుకోగలదు. అవి నిండగానే విడిగా ఒక తీగ మీద ‘ఆగు’ అంటుంది, ఖాళీ కాగానే ‘పంపు’ అంటుంది. ప్రతి అక్షరానికీ ముందు చిప్పు ఆ తీగ చూసుకోవాలి.

“అచ్ఛా. ఆ తీగేదీ?”

ఇక్కడ నా గొంతు కాస్త తగ్గింది. ఇస్త్రీ పెట్టె తీగలో మూడే పోగులు: ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి, ఒకటి ఎర్తుకి. ‘ఆగు’కి నాలుగోది లేక, చిప్పు దాన్ని చూసుకునే కాలుని, అంటే పిన్నుని, నా పలక మీదే ఎర్తుకి కలిపేశాను. ఎప్పుడు చూసినా దానికి ‘పంపు’ అనే కనిపిస్తుంది.

నాన్న గ్లాసు కింద పెట్టారు. “అంటే, అవతల స్టేషన్ని అడక్కుండా నీకు నువ్వే లైన్ క్లియర్ ఇచ్చేసుకున్నావు. నాను అలాగ బండొదిలితే ఇంటికి పంపించేత్తారు. నీకు డిగ్రీ ఇత్తారా?”

నాన్న వేలు రెండో పోగు మీదికి పోయింది.

“ఈ వినే తీగ మీద ఏటొత్తాది?”

“ఏమీ రాదు నాన్నా. ప్రింటరు మాటలేం పంపదు.”

“మాటాడనోడి దగ్గర సెవి పెట్టి కూకున్నావు. సెప్పేవోడి నోరు కట్టేసినావు.”

నాలుగేళ్ల చదువు గ్లాసుడు టీలో తేలిపోయింది. ఆ వినే పోగుని రెండు వైపులా ఊడదీసి ‘ఆగు’ కాళ్ళకి అతికించాను, ఎర్తు ముడి విప్పాను. ఆదివారం పట్టీ మొత్తం వచ్చింది, మధ్యమధ్యలో ఆగుతూ. ఆగిన ప్రతిసారీ నా చెయ్యి స్విచ్చు మీదికి పోయేది, నాన్న మెల్లగా తీసేసేవారు.

సోమవారం ఎగ్జామినరు ముందు ముప్పయ్యో వరసలో ప్రింటరు ఆగింది. ఇరుక్కుపోయిందా అన్నట్టు ఆయన “అటక్ గయా?” అంటూ చెయ్యి చాపారు. “నహీ సర్, రుకా హై,” అన్నాను, ఇరుక్కోలేదు, ఆగిందంతే అని. అది మళ్ళీ కదిలింది. ఆయన పట్టీ చివరిదాకా వేలు పెట్టి చదివి, అడుగున సంతకం చేశారు.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూనే నాన్న గుమ్మంలోనే అడిగారు.

“ఆగిందా?”

“ఆగింది నాన్నా.”

“అయితే పాసే,” అని బూట్లు విప్పుకున్నారు.