తీగ పీకినా పలికిన జవాబు

నెలలు నిండకుండా పుట్టిన మా పాప పసిపిల్లల వార్డులో, అద్దాల పెట్టెలో పందొమ్మిది రోజులు ఉంది. మూడు గంటలకొకసారి మాత్రమే నన్ను లోపలికి రానిచ్చేవారు. మిగతా సమయమంతా వరండాలో బెంచీ మీద కూర్చునేదాన్ని. బెంచీకి ఎదురుగా కిటికీ లేని చిన్న గది. అందులో పనిచేసే ఆయన్ని ఆస్పత్రిలో అందరూ గదుల బాబాయ్ అనేవారు.

ఆ పేరెందుకొచ్చిందో నాలుగో రోజున ఆయనే చెప్పారు. పిల్లల గుండెనూ ఊపిరినీ కనిపెట్టే యంత్రాల నుంచి నర్సుల బల్ల దాకా అలారాన్ని మోసుకెళ్లే నెట్‌వర్క్ ఆయన చేతిలో ఉంది. అందులో ఏ మార్పు చేయాలన్నా ముందు తన కంప్యూటర్లో ఉత్తుత్తి ఆస్పత్రి ఒకటి కట్టుకుంటారు. కంప్యూటర్ ఒకటే, దాని లోపల ఒకదానితో ఒకటి సంబంధం లేని గదులు. వాటిని నేమ్‌స్పేస్‌లంటారు. ఒక గది వార్డు, ఒకటి నర్సుల బల్ల, మధ్య గదిలో సందేశాల్ని అటూ ఇటూ దాటించే స్విచ్. స్విచ్చూ తీగలూ అన్నీ సాఫ్ట్‌వేరే.

"తీగ వేస్తే తప్ప ఈ గదికి పక్క గది ఉందన్న సంగతే తెలియదమ్మా," అన్నారు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఆ మాట విని కాసేపైనా భయం మరిచిపోయాను.

ఆయనకు యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. పన్నెండున్నరకు గోడకేసి తిరిగి కూర్చుని డబ్బా విప్పుకునేవారు. సరిగ్గా అప్పుడే వాళ్లక్క ఫోన్ చేసేది. స్పీకర్లో మాటలన్నీ వరండాలోకి వినిపించేవి.

"తిన్నావట్రా?"

"తింటున్నానే అక్కా."

"ఎవరితో?"

"ఎవరితో ఏమిటే, నోటితో."

"వేళాకోళానికేం తక్కువ లేదు! ఆ పెట్టెలతో తప్ప మనుషులతో మాట్లాడి ఎన్నాళ్లయిందిరా?"

"ఇప్పుడు మాట్లాడుతున్నానుగా. నువ్వు మనిషివి కావా?"

అక్క పడీపడీ నవ్వేది. ఫోన్ పెట్టేశాక ఆయన డబ్బాకు మూతపెట్టి మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగేవారు.

పదకొండో రోజు మధ్యాహ్నం రెండింటికి వార్డు యంత్రాలన్నిటినీ కొత్త స్విచ్ మీదికి మార్చాలనుకున్నారు. పరీక్ష నెగ్గిందని ఆయన ఉదయమే సంతకం పెట్టి ఇచ్చారు. నాకు మాత్రం కాలూ చెయ్యీ ఆడలేదు. మా పాప రోజుకు నాలుగైదుసార్లు ఊపిరి తీయడం మరిచిపోయేది. అలారం మోగగానే నర్సు పరుగున వచ్చి అరికాలు తట్టేది. ఆ అలారం అందకపోతే? ఒంటిగంటన్నరకు ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్లాను.

"కంగారెందుకమ్మా, చూడండి," అంటూ ఉత్తుత్తి ఆస్పత్రిలోని వార్డు గదిలోంచి నర్సుల బల్లను పలకరించారు. తెర మీద జవాబులు వరసగా దిగాయి. "ఇప్పుడు తీగ పీకేస్తున్నా. జవాబు ఆగిపోవాలి."

పీకారు. జవాబులు ఆగలేదు.

కుర్చీ ముందుకు జరుపుకుని స్విచ్ ఉన్న గదిలోకి చూశారు. పొద్దుటి నుంచి ఆ స్విచ్ గుండా ఒక్క సందేశం కూడా పోలేదు. నర్సుల బల్ల చిరునామాను దాని గదిలో పెట్టకుండా, వార్డు గదిలోనే పెట్టేశారు. రెండు చిరునామాలూ ఒకే గదిలో ఉంటే కంప్యూటర్ తీగ జోలికే పోదు. తనే పిలిచి, తనే పలుకుతుంది.

"ఎప్పుడూ తీగ పీకి చూశాకే సంతకం పెడతాను. ఇవాళ పీకలేదు," అన్నారు మెల్లగా. వెంటనే వార్డులోని పెద్ద సిస్టర్‌కు ఫోన్ చేశారు.

"సిస్టర్, ఆపండి. మార్చొద్దు."

"ఇదేం చోద్యం బాబాయ్! సంతకం పెట్టింది మీరేగా? సెలవులో ఉన్న నర్సుల్ని కూడా బతిమాలి పిలిపించాను!"

"పరీక్ష సరిగ్గా చేయలేదు. తప్పు నాదే."

"ఆ మాట పెద్ద డాక్టరుగారికి మీరే చెప్పుకోండి. నన్ను మధ్యలో ఇరికించకండి."

చెప్పుకున్నారు. డాక్టరుగారు వరండాలోనే, అందరి ముందూ నిలదీశారు. ఆయన్ని కదిలించి అది బయటపడేలా చేసిన నేను తలెత్తలేకపోయాను.

గదులు మళ్లీ కట్టారు. ఈసారి చిరునామాలు ఎక్కడివక్కడ పెట్టారు. జవాబు రాలేదు. అసలు కొత్త స్విచ్‌లోనూ పెట్టబోయే అమరికలో వార్డు తీగకు ఒక నంబరు, నర్సుల బల్ల తీగకు మరో నంబరు పడి ఉన్నాయి. నంబర్లు కలవకపోతే స్విచ్ సందేశాన్ని దాటనివ్వదు. ఆ రోజు మార్చి ఉంటే ఒక్క అలారమూ నర్సుల బల్లకు చేరేది కాదు. దాన్ని సరిచేసి, జవాబులు వచ్చాక నన్ను బెంచీ మీంచి పిలిచారు.

"పీకుతున్నానమ్మా, మీరూ చూడండి. చూడ్డానికి ఇక్కడ ఇంకో మనిషి లేడు."

జవాబు ఆగింది. అప్పుడు సంతకం పెట్టారు.

పద్నాలుగో రోజున మార్చారు. పెద్ద సిస్టర్ ఒక్కో యంత్రం దగ్గరా అలారం మోగించి చూసి ఫోన్ చేశారు. "అన్నీ వచ్చాయి బాబాయ్. ఉంటాను, ఇక్కడ నాకు సవాలక్ష పనులు."

ఆయన కూర్చుని, కట్టుకున్న గదుల్ని ఒక్కొక్కటే చెరిపేయసాగారు. ముందు నర్సుల బల్ల, తర్వాత స్విచ్, చివరికి వార్డు.

"ఉంచుకోవచ్చు కదండీ?" అన్నాను.

"ఉంచితే పాతవేవో కొత్తవేవో తెలీక మళ్లీ పొరబడతానమ్మా," అన్నారు ఖాళీ తెర వైపే చూస్తూ. "మీరు వెళ్లండి, లోపలికి రానిచ్చే వేళయింది. పాప దగ్గర ఉండాల్సినవాళ్లు."