మార్జినమ్మ కూర్చిన గ్రంథం

రోజూ పొద్దున్నే తన డీటీపీ కొట్లో కంప్యూటరుకు దణ్ణం పెట్టుకుని, ఆమె ఒక కాగితం మీద ఉత్త గీతల చట్రం అచ్చు తీసేది. స్కేలు పెట్టి కొలిచేది. ఎడమ పక్క అంగుళమున్నర ఖాళీ, అదే మార్జిన్, ఉంటేనే పని మొదలు. ఆ ఖాళీ నా కోసమే. తగ్గిందంటే అక్షరాలు కుట్టులోకి పోతాయి. పక్క కొట్లో బైండింగు నాది. అందరూ ఆమెను మార్జినమ్మ అనేవారు.

పరిశోధక విద్యార్థుల ఫైళ్లు చూసి నవ్వేది. "అధ్యాయం కొత్త పేజీలోకి రావాలని ఇన్ని ఎంటర్లు కొట్టావా నాయనా? గేదెను కర్రతో తోలినట్టు తోలావే!" అంటూనే వాళ్లకు తన కుర్చీ ఇచ్చి, తాను స్టూలు మీదికి మారేది.

తాను పెంచిన మేనకోడలి పిహెచ్‌డి గ్రంథమూ ఆమే కూర్చింది. శీర్షికలన్నీ విషయసూచికకు ముడివేసింది. పేజీలు జరిగితే ఒక్క నొక్కుతో సూచికలో అంకెలు సర్దుకుంటాయి. చివర్లో ఆ పిల్ల పరిశోధనకు గైడుగారు తన గదిలోనే ఫైల్లో నాలుగు పేజీలు చేర్చారు. ఆ ఒక్క నొక్కూ నొక్కకుండా అచ్చు తీయించారు. ఐదు ప్రతులూ నేనే కుట్టాను. సూచికలో ఒక అంకె, లోపల ఇంకో అంకె. పరీక్షల ఆఫీసు తిప్పి పంపింది. శనివారంలోగా సరిచేసి ఇవ్వకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి.

గైడుగారు ఆ పిల్లను వెంటబెట్టుకుని మార్జినమ్మ కొట్టుకే వచ్చారు. "ఇలాంటి చోట చేయిస్తే ఇంతే!"

ఆయన సంతకం ఇంకా కావాలి. నిజం తెలిసిన పిల్ల తల వంచుకుంది. "అవును సార్. అత్తే చూసుకోలేదు."

మర్నాటికే ఇద్దరు విద్యార్థులు తమ ఫైళ్లు వెనక్కి పట్టుకెళ్లారు.

ఉండబట్టలేక మార్జినమ్మతో అన్నాను. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందమ్మా నీ మేనకోడలు."

"పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేర్పింది నేనే కదన్నయ్యా."

అట్టలు విప్పమని ఆ పిల్ల నా దగ్గర వదిలిన పాత ప్రతి ఒకటి తీసుకెళ్లి, ఆ నాలుగు పేజీలూ చూసి తన ఫైల్లో టైపు చేసుకుని, ఆ ఒక్క నొక్కూ నొక్కింది. శుక్రవారం మధ్యాహ్నం ఐదు కట్టల కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మా పిల్ల వస్తే, వేరే కొట్లో చేయించానని చెప్పండి అన్నయ్యా. నేను చేశానని తెలిస్తే సిగ్గుతో ముట్టుకోదు."

"నాతో అబద్ధం ఆడిస్తావా తల్లీ?"

"దేవుడికి నేను చెప్పుకుంటాలెండి. మీరు త్వరగా కుట్టండి."